పదో రోజు పారబోసినవి

అరిగిపోయిన సబ్బు ముక్క కోసం ఆ ఉదయం ఇంట్లో గొడవ మొదలైంది.

"నిన్న సాయంత్రందాకా ఉందే, గోరంత ముక్క! ఏమైపోయింది?" స్నానాలగదిలోంచి అత్తగారు గొంతెత్తింది.

"పారేశానత్తయ్యా. చేతిలో నిలవట్లేదు, నురగ రావట్లేదు. కొత్తది పెట్టాను చూడండి." కోడలు వంటగదిలో డబ్బాలకు మూతలు బిగిస్తూనే జవాబిచ్చింది.

"నురగ రాకపోతే పారేస్తారా? తడిపి కొత్తదాని వీపుకి అంటిస్తే నాలుగు రోజుల్లో అదీ ఇదీ ఒకటయ్యేవి. నీకంత ఓపిక ఎక్కడిది! నీళ్ళు తగలగానే నురగ రావాలి, నిప్పు పెట్టగానే ఉడకాలి."

"నాయనమ్మా, గోరంత సబ్బుకి ఇంత రాద్ధాంతమా?" మనవరాలు జడ అల్లుకుంటూ నవ్వింది.

"నువ్వు నోరు మూసుకో. సగం వాడిన పెన్నులు పారేసేది నువ్వే కదూ."

"సాయంత్రం సబ్బుకి సంతాప సభ పెడదాం. నేను రెండు ముక్కలు మాట్లాడతాను. ఇప్పుడు మాత్రం నా డబ్బా ఇవ్వండి, డిపో గేటు మూసేస్తారు," అన్నాడు కొడుకు. అతను బస్సు డిపోలో మెకానిక్కు. ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ నల్లగీత పోదు.

అత్తగారు గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. మూడో అంతస్తు. మోకాళ్ళు మడతపడక ఆవిడ మెట్లు దిగి ఎనిమిది నెలలైంది. కింద వీధిలో బండివాడు పోయినా, కుక్క పోయినా ఆ కిటికీలోంచే చూడాలి. సబ్బు మీద కోపం సబ్బు మీది కాదని కోడలికి తెలుసు. అందుకే ఇంకో మాట అనకుండా ఆవిడ కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"ఇంకెన్నాళ్ళమ్మా," కొడుకు చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "నీ కోడలి ప్రమోషన్ కాగితం రాగానే క్వార్టర్స్ ఇస్తారు. కింద ఇల్లు. ఒక్క గడప దాటితే నేల మీదుంటావు."

"ఆ కాగితం ఎవరి చేతిలో ఉందో, వాడి చెయ్యి కాస్త త్వరగా కదలాలి," అంది అత్తగారు. అప్పటికి గొంతు చల్లబడింది.

విత్తనాల కేంద్రంలో కోడల్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ‘నూరుశాతం’ అంటారు. ఆమె చేతిమీద వేసిన గింజలు నూటికి నూరూ మొలుస్తాయని ఒక పెద్దాఫీసరు మెచ్చుకుంటూ అన్న మాట అది. క్యాంటీనులో టీ పోసేవాడు కూడా "నూరుశాతం గారికి ఒక టీ, అరశాతం పంచదార!" అని కేకేస్తాడు.

పరీక్షగది పొడవుగా ఉంటుంది. గోడకు అరలు, అరల్లో మూతలున్న గాజు పళ్ళేలు. ప్రతి పళ్ళెంలో తడి కాగితం, కాగితం మీద పది వరసల్లో వంద గింజలు. ఆమె పట్టకారుతో ఒక్కో గింజనూ కదిపి చూస్తుంది. మొలక వచ్చింది ఎడమకి, రానిది కుడికి. ఎదురు బల్ల దగ్గర కొత్తపిల్ల అదే పని చేస్తుంది. చేరి రెండేళ్ళు దాటినా, పర్మనెంటు కాలేదు కనుక ఇంకా కొత్తపిల్లే.

గది చివర ఇనప తలుపు. దాని వెనక చల్లగదిలో నాలుగు వేల రేకు పొట్లాలు. అవి పొలంలో పండే పంటలవి కావు, వాటి అడవి చుట్టాలవి. అడవి వరి, అడవి వంగ, అడవి కంది. ఎవరూ తినరు, ఎవరూ విత్తరు. కాలవ గట్ల మీద, మడుగుల్లో, రాళ్ళ సందుల్లో వాటంతట అవే మొలిచి వాటంతట అవే రాలిపోయే రకాలు. పండే పంటకు రేపు ఏ కొత్త తెగులైనా పట్టుకుంటే, తట్టుకునే గుణం ఈ చుట్టాల్లో ఎక్కడో ఉండవచ్చని దాచారు. ఎందులో ఉందో ముందుగా ఎవరికీ తెలియదు. ఒకే పొట్లంలోని గింజలు కూడా ఒకదానిలా ఒకటి ఉండవు. అందుకని ఉన్నవాటిని ఉన్నట్టుగా, అన్నిటినీ దాచాలి. ఆరేళ్ళకోసారి తీసి మొలిపించి, పెంచి, కొత్త గింజ పట్టి, మళ్ళీ పొట్లం కట్టాలి. ఆ పని నూరుశాతానిది.

పదకొండింటికి తెగుళ్ళ మేడం వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ట్రే, ట్రేలో గడ్డి రంగుకు ఎండిన ఆకులు.

"మీ ఆరువందల పన్నెండు మొత్తం పోయింది," అంటూ ట్రేని బల్ల మీద పెట్టింది.

ఆరువందల పన్నెండంటే మడుగు వరి. ఊరి చివర మడుగులోంచి తెచ్చిన అడవి వరి.

"పోవడమేంటి మేడం? తొంభై తొమ్మిది శాతం మొలిచింది కదా!"

"మొలవడానికేం, బ్రహ్మాండంగా మొలిచింది. అరవై మొక్కలకీ కత్తెరతో ఆకు కొసలు కత్తిరించి ఎండాకు తెగులు అంటించాను. అరవైకి అరవై ఇలా అయ్యాయి. పందొమ్మిదేళ్ళ కిందట ఇదే పరీక్ష చేస్తే నలభైలో పదకొండు నిలబడ్డాయని కాగితం ఉంది. ఆ పదకొండు కోసమే నేను వచ్చింది. బయట మూడు తాలూకాల్లో వరి ఎండిపోతోంది, మీకు తెలుసుగా." ఆవిడ ఒక ఆకు తీసి వేళ్ళ మధ్య నలిపింది. పొడి రాలింది. "మొదట తెచ్చిన గింజలేమైనా మిగిలాయా?"

"లేవు మేడం. తెచ్చిందే అర పిడికెడు."

"మడుగులో?"

"మడుగు ఎక్కడుంది మేడం! దాని మీద బస్సు డిపో కట్టి పన్నెండేళ్ళయింది."

తెగుళ్ళ మేడం ఎవరినీ తిట్టలేదు. ట్రే అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. కొత్తపిల్ల తల దించుకుని కుడివైపు గింజల్ని ఎడమవైపుకీ, ఎడమవైపువి కుడివైపుకీ జరుపుతోంది.

మధ్యాహ్నం ఆఫీసరు పిలిచాడు. ఆయన ముందు రెండు ఫైళ్ళున్నాయి, ఒకదాని మీద ఒకటి.

"కూర్చోమ్మా. ఇందులో ఆలోచించడానికి పెద్దగా ఏం లేదు. ఆఖరిసారి దాన్ని పెంచింది ఎవరు? ఆ పిల్ల. ఎక్కడో పొట్లం మార్చేసింది, వేరే గింజ కలిపేసింది. కలగలుపు. అలా నోట్ రాశాను. సెక్షన్లో పెద్దదానివి నువ్వు కాబట్టి కింద నీ సంతకం కావాలి. శుక్రవారం పెద్దాఫీసుకి వెళ్ళాలి."

"ఆ పిల్ల ఉద్యోగం, సార్?"

"ఉండదు. ఏం చేస్తాం, చిన్నపిల్ల, ఇంకో చోట దొరుకుతుంది." ఆయన కింది ఫైలు మీద వేలితో కొట్టాడు. "ఇది నీ ప్రమోషనూ, క్వార్టర్సూ. ఇదీ శుక్రవారమే. రెండూ ఒకే కవరులో పంపిస్తే నాకు గుమాస్తా పని తగ్గుతుంది."

ఆయన నవ్వాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది. గురువారం లోపల పెడతానంది. మెట్లు దిగుతున్నప్పుడు, కలిపేసే ఉంటుందనే అనుకుంది. ఈ కాలం పిల్లలకి ఫోను మీదున్న శ్రద్ధ పొట్లం మీద ఉండదు. అలా అనుకున్నాక కాస్త తేలికపడింది. పరీక్షగదిలోకి వచ్చి కొత్తపిల్ల మొహంలోకి చూడకుండా అరల వైపు తిరిగి సాయంత్రందాకా పని చేసుకుంది.

మర్నాడు కొత్తపిల్ల ఏడవలేదు. అదే ఆశ్చర్యం. తలుపు తీసేసరికే వచ్చి కూర్చుని ఉంది. ముందు తన పుస్తకం తెరిచి పెట్టుకుంది.

"నేను కలపలేదక్కా. ఇది చదవండి, తర్వాత ఏమైనా అనండి."

"నేనేమన్నానే?"

"ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం తీసుకుంది. చేతిరాత బొద్దుగా, వంకర లేకుండా ఉంది. పొట్లం విప్పిన తారీఖు, సీలు నంబరు, పక్కన మరే పొట్లమూ విప్పలేదన్న మాట, పళ్ళెం నంబరు. పదో రోజుకు మొలిచినవి తొంభై తొమ్మిది. ‘మొలిచినవన్నీ కుండీలలో నాటడమైనది. మిగిలిన ఒకటి పారబోయడమైనది.’

తప్పు పట్టడానికి చోటు లేదు. తను రాస్తే ఎలా రాస్తుందో అలాగే ఉంది.

"అన్నీ మీరు చెప్పినట్టే చేశానక్కా. ముందు మొలిచినవే నాటమన్నారు, నాటాను. పదో రోజు పళ్ళెం ఖాళీ చెయ్యమన్నారు, చేశాను."

"నేనలా..."

"మొదటి వారం గుర్తు లేదా? అడవి వంగ పళ్ళెంలో సగం మొలవలేదు. ఇవి చచ్చిపోయాయా, నిద్రపోతున్నాయా అని అడిగాను. మీరు, నిద్రపోయేవాళ్ళకి ఇక్కడ ఉద్యోగం లేదమ్మాయ్ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

ఆమె కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడిచింది. అద్దాలకు మురికేమీ లేదు.

"పని చూసుకో," అంది.

టీ వేళకి ఆమె క్యాంటీనుకు వెళ్ళకుండా వెనక మడుల వైపు నడిచింది. అక్కడ పనిచేసే ముసలాయన్ని బురదమామ అంటారు. మోకాళ్ళ దాకా ఆరని బురద ఆయనకు సాక్సులు. మొదటి ఆఫీసరుతో వెళ్ళి, పీకల్లోతు మడుగులోకి దిగి, ఆరువందల పన్నెండుని కోసుకొచ్చింది ఆయనే.

"ఏం నూరుశాతం, దారి తప్పావా? మీ గదిలో ఏసీ పాడైందా?"

"మామా, మడుగు వరి ఇంకా ఏమైనా నిలబడి ఉందా?"

"ఎందుకు లేదు, చివరి మడిలో. ఆ పిల్ల వేసినవాట్లో మిగిలినవి." ఆయన ముందు నడిచాడు. మొక్కలన్నీ ఒకే ఎత్తున, ఒకే రంగున, బడిలో ప్రార్థనకు నిలబడిన పిల్లల్లా ఉన్నాయి. వెన్నులు ఒక్కసారే పండుతున్నాయి. ఆయన ఒక వెన్ను అందుకుని గట్టిగా దులిపాడు. గింజ రాలలేదు. "చూశావా? మొదట్లో దీనికి ఎంత పొగరుండేదో! పక్కన నడిస్తే చాలు, గింజలన్నీ బురదలోకి దూకేవి. పక్షి దులపకముందే, మనిషి కొయ్యకముందే. వెన్ను వెన్నుకీ పలచటి గుడ్డసంచి కట్టి పట్టేవాళ్ళం. గింజ కొసన మీసాలు ఇంతేసి, ఎర్రగా. చేతులు చీరుకుపోయేవి. ఇప్పుడు చూడు, చెప్పిన మాట వినే కోడలైపోయింది."

"సంచులు ఇప్పుడు కట్టట్లేదా?"

"ఎప్పుడో మానేశాంగా!" ఆయన ఆమె వైపు వింతగా చూశాడు. "‘మనుషులు లేరు మామా, రాలినవి రాలనీ, వెన్ను మీద నిలిచినవి కోసుకురా’ అని నువ్వే కదా అన్నావు. ఆ సంచుల్ని మా ఆవిడ దిండు గలీబులు కుట్టుకుంది."

ఆమె కూడా ఒక వెన్ను పట్టుకుని దులిపింది. ఇంకొకటి. వరసగా పదో పన్నెండో. గింజలు తల్లిని వదలకుండా పట్టుకున్నాయి.

బుధవారం పొద్దున్న రికార్డు గదిలో ఆమె మొదట తీసింది అట్ట. ప్రతి రకానికీ తెచ్చినరోజు ఒక వెన్ను ఎండబెట్టి అట్టకు కుట్టి ఉంచుతారు. ఆరువందల పన్నెండు అట్ట మీద వెన్ను జుట్టు విరబోసుకున్నట్టుంది. జానెడు ఎర్ర మీసాలు. కింద చిన్న కాగితం సంచిలో రాలిన గింజలు తొమ్మిది. అరచేతిలో పోసుకుంది. ఒకటి నలుపు, రెండు గోధుమరంగు, ఒకటి గడ్డిరంగు మీద మచ్చలు. సన్నవి, పొట్టివి, ఒకటి కొడవలిలా వంగింది. నిన్న మడిలోంచి కొంగున ముడేసుకొచ్చిన గింజల్ని పక్కన పోసింది. అవి అచ్చులో పోసినట్టున్నాయి.

తర్వాత రిజిస్టరు. ఆరువందల పన్నెండు పేజీలో నాలుగే పద్దులున్నాయి.

మొదటిది మొదటి ఆఫీసరు చేతిరాత. ‘పదో రోజుకు ముప్పై నాలుగు. తక్కినవి నలభై మూడో రోజు వరకు ఒక్కొక్కటిగా మొలుస్తూనే ఉన్నాయి. అన్నిటినీ నాటాలి.’ దాని కింద సన్నటి చేతిరాత, అక్షరాల కొసలు పైకి తిప్పి, కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషిది. ‘కుండీలు చాలనందున ముందు మొలిచిన ముప్పై నాలుగే నాటడమైనది.’

తన చేతిరాత.

రెండోసారి, అరవై ఒకటి. తన చేతిరాత. మూడోసారి, ఎనభై ఎనిమిది. తన చేతిరాత. పక్కన ఎర్ర సిరాతో ‘భేష్’ అని ఎవరో పెద్దాఫీసరు. ఆ ఎర్ర అక్షరాలు చూసి ఆ రోజు క్యాంటీనులో అందరికీ టీ ఇప్పించింది. నాలుగోసారి, తొంభై తొమ్మిది, కొత్తపిల్ల బొద్దు రాతలో.

ఆమె పెన్సిలు తీసి, ఎప్పుడూ వెయ్యని లెక్క వేసింది. మొలిచినవి కాదు, పారబోసినవి. మొదటిసారి అరవై ఆరు. తర్వాత ముప్పై తొమ్మిది. తర్వాత పన్నెండు. కొత్తపిల్ల వంతు వచ్చేసరికి పారబోయడానికి ఒకే ఒక్క గింజ మిగిలింది.

వెనకాల ఫ్యాను తిరుగుతూ రిజిస్టరు కాగితాల్ని లేపుతోంది. ఆమె అరచేత్తో పేజీని నొక్కిపట్టింది. నిద్రపోయే గింజలు ఎందుకు నిద్రపోతాయో ఆమె చదువుకున్నదే. ఒక్క వానకే అన్నీ లేస్తే ఒక్క ఎండకే అన్నీ పోతాయి. అందుకని కొన్ని ఇవాళ, కొన్ని నెలకి, కొన్ని పై ఏడాదికి. పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకుంది కూడా. చదివింది కాగితం మీద ఉండిపోయింది. చేతులు మాత్రం పళ్ళేలు త్వరగా ఖాళీ అయితే బాగుండునని చూశాయి.

అట్ట మీది గింజల్లో ఆరు తీసి నీళ్ళలో నానబెట్టింది. బీరువా తాళం ఆమె దగ్గరే ఉంటుంది, అడిగేవాళ్ళు లేరు. సాయంత్రానికి నానిన గింజల్ని బ్లేడుతో నిలువునా చీల్చి, రంగులేని మందునీళ్ళలో వేసి, చీకటి పెట్టెలో పెట్టింది. పిండంలో ప్రాణం ఉంటే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. లేకపోతే తెల్లగానే ఉంటుంది. బయట బీరువాలో కలరా ఉండల మధ్య పందొమ్మిదేళ్ళు ఉన్న గింజలవి. ఎర్రబడవని ఆమెకు తెలుసు. అయినా పెట్టె మూత నెమ్మదిగా వేసింది.

ఇంటికి వెళ్ళేదారిలో డిపో దగ్గర దిగింది. మొగుడు ఒక బస్సు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ బూట్లను గుర్తుపట్టి తట్టింది.

"ఏమైంది? అమ్మకేమైనా..." అతను గబగబా బయటికి పాకాడు.

"ఏం కాలేదండీ. ఇక్కడ నీళ్ళు నిలిచే చోటు ఏదైనా ఉందా? గడ్డి మొలిచేది?"

"గడ్డా? గేదెను కొంటున్నావా ఏంటి, మూడో అంతస్తులో?"

ఆమె నవ్వలేదు. అతను చేతులు గుడ్డకు తుడుచుకుని, ఇంకేమీ అడగకుండా, ఆమెను బస్సులు కడిగేచోటు వెనక్కి తీసుకెళ్ళాడు. సిమెంటు కాలవ. అందులో నీళ్ళ మీద నూనె రంగులు రంగులుగా తేలుతోంది. గోడ వారన బురదలో నడుము ఎత్తు మొక్కలు కొన్ని. ఆమె చెప్పులు విడిచి దిగబోతే అతను భుజం పట్టుకుని ఆపి, తనే బూట్లతో దిగి, రెండు పీకి తెచ్చాడు. ఆమె ఆకు మొదలు గోటితో విడదీసి చూసింది. మామూలు తుంగ. గోడ పొడవునా చివరిదాకా నడిచారు. టైర్ల గుట్ట, పాత సీట్లు, మళ్ళీ గోడ.

"కట్టేటప్పుడు ఇక్కడ నెలరోజులు మట్టి తోలారు," అన్నాడతను. "ఎంత పోసినా మింగేసేది. ఏం పోయింది ఇక్కడ?"

"తర్వాత చెప్తాను," అంది.

గురువారం పొద్దున్న చీకటి పెట్టె తెరిచింది. ఆరు గింజలు, పన్నెండు ముక్కలు. అన్నీ సున్నంలా తెల్లగా ఉన్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ తిప్పి చూసి, పుస్తకంలో తారీఖు వేసి రాసింది. తర్వాత ఆఫీసరు గదికి వెళ్ళింది.

ఆయన రిజిస్టరు పేజీ చూశాడు. అట్ట చూశాడు. ఆమె చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. చివరికి కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే ఇప్పుడేమంటావు?"

"ఆ పిల్ల ఏమీ కలపలేదు సార్. పోగొట్టింది నేను. ముందు మొలిచినవాటినే పెంచుతూ పోయాను. తెగులుకి నిలబడేవి ఆలస్యంగా లేచేవాటిలో ఉండి ఉంటాయి."

"ఉండి ఉంటాయి. రుజువుందా?"

"లేదు. పారబోసినవాటికి రుజువెక్కడినుంచి వస్తుంది?"

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. ఈసారి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చూడమ్మా. ఒక పొట్లం పోయిందంటే ఒక మనిషి తప్పు. మనిషిని తీసేస్తే అయిపోతుంది. నువ్వు చెప్పినట్టు పద్ధతే తప్పంటే, ఆ ఇనప తలుపు వెనకాల ఏముందని అడుగుతారు. నీ చేతిమీదుగా ఎన్ని నడిచాయి?"

"లెక్క చూడాలి సార్."

"చూడకు."

ఆ ఒక్క మాట అని ఆయన నోట్ ఆమె ముందుకు జరిపాడు, పైన పెన్ను పెట్టాడు. పెన్ను దొర్లి బల్ల అంచుకు వచ్చింది. ఆమె కింద పడకుండా పట్టుకుని మళ్ళీ కాగితం మీద పెట్టింది.

"సాయంత్రందాకా టైముంది కదా సార్," అని బయటికి వచ్చింది.

మధ్యాహ్నమంతా రికార్డు గదిలో ఉంది. పంతొమ్మిది రిజిస్టర్లు. వేలు తడుపుకుని పేజీ తిప్పడం, చేతిరాత చూడటం, నంబరు రాసుకోవడం. అడవి వంగ, తన చేతిరాత. అడవి కంది, తన చేతిరాత. ఎక్కడ చూసినా అంకెలు మెట్లు ఎక్కినట్టు పైకి పోతున్నాయి. ఎక్కడ చూసినా ‘బాగుంది’, ‘చాలా బాగుంది’. ఒకసారి కొత్తపిల్ల తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"సంతకం పెట్టేశారా అక్కా?"

"టీ తెచ్చిపెట్టు," అంది ఆమె తలెత్తకుండానే. "నీకూ తెచ్చుకో. తెచ్చుకుని ఈ పక్కన కూర్చో. నేను నంబరు చెప్తాను, నువ్వు రాయి."

ఐదున్నరకు ఆఫీసు మూశారు. నోట్ మీద పెన్ను ఎలా పెట్టిందో అలాగే ఉంది.

అత్తగారికి పొద్దు వాలకముందే తినడం అలవాటు. నలుగురూ మడతబల్ల చుట్టూ కూర్చునేసరికి కిటికీలో ఇంకా ఎండ ఉంది. అత్తగారు ఆ రోజు ఉత్సాహంగా ఉంది. అక్కర్లేని చీరలు రెండు మూటలు కట్టించింది మనవరాలి చేత.

"ఆ ఇంటి ముందు కుర్చీ వేసుకునేంత చోటుంటుందిరా?"

"నీ కుర్చీ, దాని పక్కన ఇంకో నాలుగు కుర్చీలు వేసుకోవచ్చు. వీధిలోవాళ్ళందరికీ సబ్బు వాడటం నేర్పుదువుగాని," అన్నాడు కొడుకు.

"నేర్పుతాను. మీ ఆవిడకి రాలేదు, వాళ్ళకైనా వస్తుంది." ఆవిడ నవ్వుతూ కోడలి వైపు తిరిగింది. "ఏమ్మా, రేపే కదూ కాగితం వెళ్ళేది?"

కోడలు కూర గిన్నె మూత పెట్టింది. గరిటె పక్కన సర్దింది. సర్దడానికి ఇంకేమీ లేదు.

"ఆ ఇల్లు మనకి రాదత్తయ్యా."

"ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వలేదు. ఒక పొట్లం గింజలు పాడైతే, ఒక పిల్ల తప్పు చేసిందని నన్ను సంతకం పెట్టమన్నారు. ఆ తప్పు ఆ పిల్లది కాదు, నాది. సంతకం పెట్టలేదు. రేపు పొద్దున్న పెద్దాఫీసుకి నేనే వెళ్ళి రాసిస్తున్నాను."

కొడుకు ముద్ద కలపడం ఆపాడు. "నిన్న కాలవ గట్టున వెతికింది దాని కోసమేనా? ఒక్క పొట్లం గింజలకి ఇంతా? ఇంకోసారి జాగ్రత్తగా చేస్తానని చెప్పొచ్చుగా."

"ఒక్క పొట్లం కాదండీ. పదమూడొందల నలభై. ఆ పిల్లా నేనూ కూర్చుని లెక్కపెట్టాం. అన్నీ నా చేతిరాతే. అందులో ఎన్ని పనికొస్తాయో, ఎన్ని ఉత్త పొట్లాలో ఎవరికీ తెలియదు."

"ఉద్యోగం తీసేస్తారా అమ్మా?" కూతురు అడిగింది.

"తీసెయ్యొచ్చు."

"నువ్వు చెప్పకపోతే వాళ్ళకి తెలుస్తుందా?" అత్తగారు నెమ్మదిగా అడిగింది. మాటలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"తెలీదత్తయ్యా. ఎప్పుడో ఏదో పంట పోతున్నప్పుడు, ఇందులో ఉంది కదా అని ఆశగా పొట్లం విప్పుతారు. అప్పుడు తెలుస్తుంది. అప్పటికి నేనుండను, అడగడానికి."

కింద వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. అత్తగారు కిటికీ వైపు చూసి, మళ్ళీ కంచంలోకి చూసుకుంది.

"మరి నేనెప్పుడు దిగుతాను కిందికి?"

కోడలు ఆవిడ కంచం దగ్గరికి నీళ్ళ గ్లాసు జరిపింది.

"తెలీదత్తయ్యా. ఇప్పట్లో దిగలేరేమో," అంది. "పొద్దున ఏడింటి బస్సుకి వెళ్తున్నాను."